దూడకి కుట్టిన బూట్లు

మనుషులు ఎంత మర్యాదగా తలుపేస్తారో తెలియాలంటే, పెద్ద కుక్కని పెట్టుకుని సిటీలో అద్దె ఇల్లు వెతకాలి. ఆ వానాకాలానికి ముందు మేము పదిహేడు ఇళ్ళు చూశాం. నాకు పిల్లని వెతకడానికి మావాళ్ళు నాలుగిళ్ళు కూడా తిరగలేదు.

నా భార్య పోయి ఆరేళ్ళయింది. కుక్క అంతకు ఏడాది ముందే పోయింది. ఇప్పుడు నేనొక్కడినే. ఇంట్లో ఎంతమంది అని అడిగేవాళ్ళు కూడా లేరు.

నేను ఊరి బడిలో చదివింది ఏడో తరగతి. చేతికొచ్చిన పని చెప్పులు కుట్టడం. మేమున్న చిన్న ఊళ్ళో షాపు మూతపడితే, సిటీలో చేత్తో బూట్లు కుట్టించే షాపాయన తోలు కోసే పనికి రమ్మన్నాడు. బయల్దేరే ముందు మా ఆవిడ ఒక్క మాటంది.

"దానికి చోటున్న ఇంట్లోనే నాకూ చోటు."

అది అంటే కుక్క. పేరు దూడ. కూన‌గా ఉన్నప్పుడు పొడుగు కాళ్ళేసుకుని, గోధుమ రంగులో, తడబడుతూ నడిచేదని ఆమె పెట్టిన పేరు. పెరిగాక పేరే సరిపోయింది.

ఇల్లు దొరికేదాకా మా మరదలి ఇంట్లో దిగాం. తోడల్లుడికి సిటీ చివర కట్టెల అడితి ఉంది. చోటుకి కొదవ లేదు. కానీ తోడల్లుడి పంచన ఎన్నాళ్ళుంటాం? రోజూ ఏదో ఒకటి అనేవాడు. "అన్నయ్యా, దాని మీద కట్టెలేసి పంపిస్తే బండి ఖర్చు మిగులుతుంది కదా" అనేవాడు. వాడి జోకులకి వాడే నవ్వుకునేవాడు.

ఏ ఇంటికి వెళ్ళినా ఇదే వరస.

"కుక్కంటే ఎంత కుక్కమ్మా?"

"పెద్దదేనండి" అనేది ఆమె.

"ఎంత పెద్దది?"

"నా నడుం దాకా వస్తుంది."

అంతే, తలుపు.

"నడుం అనకపోతేనేం, మోకాలు అనరాదూ" అన్నాను, తొమ్మిదో ఇంటి మెట్లు దిగుతూ.

"రేపు తీసుకొచ్చాక దాన్ని వంగి నడవమంటారా?"

పద్దెనిమిదో ఇల్లు ఒక పెద్దావిడది. ఆవిడ పక్కింట్లో ఉంటుంది. అద్దెకిచ్చే బిల్డింగులో కింద తాళం వేసిన గోడౌను, మొదటి అంతస్తులో ఒక ఇల్లు, దాని పైన ఖాళీగా ఉన్న ఇల్లు. ఆ నెలలోనే వెనక వీధిలో దొంగలు పడ్డారట. కుక్క అనగానే ఆవిడ ముఖం విప్పారింది.

"బాగా మొరుగుతుందా?"

నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ అందుకుంది. "మొరగదండీ. చిన్నప్పటి నుంచీ దానికి ఆ అలవాటే లేదు."

ఆమె కాలు తొక్కాను.

"ఎందుకు తొక్కుతారు, ఉన్నమాటేగా."

ఓనరమ్మ నవ్వింది. "దొంగకి తెలియదుగా. చూస్తే చాల్లే." తర్వాత నవ్వు ఆపి అసలు సంగతి చెప్పింది. "మొదటి అంతస్తులో నర్సమ్మ ఉంటుంది. ఆమెకి ఎప్పుడూ రాత్రి డ్యూటీలే, పగలు పడుకుంటుంది. నా దగ్గర ఆరేళ్ళుగా ఉంది, ఒక్క మాట పడలేదు. ఆమె నుంచి రెండు ఫిర్యాదుల దాకా ఊరుకుంటాను. మూడోది వచ్చిందంటే మీరు ఖాళీ చేయాలి. తర్వాత నన్ను అనొద్దు."

"రెండెందుకండీ, ఒక్కటి కూడా రాదు" అన్నాను. చెప్పులు అమ్మేటప్పుడు కూడా ఇలాగే అంటాను.

రెండు గదులు, ఓ వంటిల్లు. నున్నటి బండలు పరిచిన నేల. ముందు గదికి రోడ్డు వైపు తక్కువ ఎత్తులో కిటికీ. సాయంత్రం నేను షాపు నుంచి వచ్చేసరికి సందు మొదట్లోంచే ఆ కిటికీ కనిపించేది. దాంట్లో రెండు తలకాయలు. ఒకటి ఆమెది, ఒకటి గట్టు మీద గడ్డం ఆనించిన దూడది. నన్ను ముందు ఏది చూసేదో తెలియదు. రెండూ ఒకేసారి కిటికీలోంచి మాయమయ్యేవి. నేను మెట్లెక్కేసరికి తలుపు తీసి ఉండేది. వానలో తడిసి వచ్చినవాడికి తలుపు కొట్టే పని లేకపోవడం ఎంత సుఖమో అప్పుడు తెలియలేదు.

ఐదో రోజున ఓనరమ్మ గోడ మీంచి పిలిచింది. "ఏం బాబూ, పైన ఎవరో మేకులు ఏరి మళ్ళీ పారబోస్తున్నట్టుందట. నర్సమ్మ చెప్పింది. ఇది ఒకటి."

దూడ గోళ్ళు. నున్నటి బండ మీద అది ఈ గదిలోంచి ఆ గదిలోకి వెళితే మాకే వినిపించేది. గోళ్ళు కత్తిరించాం. చాపలు కొని పరిచాం. అది వాటిని పళ్ళతో లాక్కెళ్ళి ఒక మూల పోగేసి, పక్కన ఉత్త బండ మీద పడుకునేది.

"చాపలు ఎవరికోసమో తెచ్చామనుకుంటోంది, పాపం సర్దిపెడుతోంది" అనేది మా ఆవిడ.

మరో వారానికి నర్సమ్మే స్వయంగా పైకి వచ్చింది. నలభైకి దగ్గర ఉంటుంది. జుట్టు చెదిరి ఉంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మధ్యాహ్నం. ఆ రోజు నాకు సెలవు.

"బాబాయ్‌గారూ, ఒక్క మాట..."

"తెలుసు. రెండోసారి. ఇంకోసారి రానివ్వను."

"అది కాదండీ, నేననేది..."

"చప్పుడు రాదన్నానుగా." తలుపేశాను.

లోపలి నుంచి మా ఆవిడ అంది. "ఆమె ఏం చెప్పబోయిందో విననైనా వినలేదు."

"చెప్పేదేముంది? ఖాళీ చేయమని."

"ఆ అమ్మాయి ముఖం అలా లేదు."

"ముఖాలు నువ్వు చూడు. కాళ్ళు నేను చూస్తాను."

ఆ రోజే మొదలుపెట్టాను. నా ముప్పై ఏళ్ళ పనిలో పెద్దపెద్దవాళ్ళ కాళ్ళు కొలిచాను. ఒక కాలు పొట్టివాడికి తేడా తెలియకుండా జోడు కుట్టి ఇచ్చాను. కుక్కకి కుట్టలేనా అనిపించింది. మందపాటి కాగితం నేల మీద పరిచి దూడని నిలబెట్టాను. ఆమె దాని మెడ పట్టుకుంది. నేను ఒక్కో పాదం చుట్టూ పెన్సిలు తిప్పాను. ముందు పాదాలు వెడల్పు, వెనకవి సన్నం. ఎడమకీ కుడికీ కూడా తేడా ఉంది.

"నాకు కుట్టిన చెప్పులకి ఇంత కొలత తీయలేదు మీరు" అంది.

"నువ్వు నాలుగు కాళ్ళ మీద నడిస్తే తీసేవాడిని."

పైన మెత్తటి మేకతోలు. అడుగున పాత కంబళి ముక్క మూడు మడతలు, దాని మీద చప్పుడు చేయని పల్చటి రబ్బరు. మడమ దగ్గర జారకుండా తాడు ముడి. మూడు సాయంత్రాలు కుట్టాను. కుట్టుకీ కుట్టుకీ మధ్య వెంట్రుక వాసి తేడా లేదు. షాపులో బూటు తెరిచి చూసే కస్టమరు ఉండడు, అయినా లోపలి కుట్టు కూడా అలాగే వేస్తాను. నాకు అదొక జబ్బు.

తొడిగిన రోజు చూడాలి. దూడ కాసేపు కొయ్యబారి నిలబడింది. తర్వాత ముందు కాలు ఒకటి గాల్లోకి లేపి, ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే ఉంచేసింది. పెట్టింది. రెండోది లేపింది. మోకాలి లోతు నీళ్ళలో నడుస్తున్నట్టు, అడుగడుక్కీ ఆగి వెనక్కి చూసుకుంటూ గది దాటింది. వంటింటి గుమ్మంలో వెనక కాళ్ళు రెండూ ఒకేసారి లేపబోయి చతికిలబడింది. మా ఆవిడ గోడకి ఆనుకుని జారుతూ జారుతూ నేల మీద కూర్చుండిపోయింది. కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. కింద నర్సమ్మ పడుకుని ఉంది కదా. గట్టిగా నవ్వలేక కళ్ళ వెంట నీళ్ళు పెట్టుకుంది.

"కొత్త పెళ్ళికొడుకులా ఉంది" అంది, ఊపిరి తీసుకుంటూ.

ఆ మధ్యాహ్నాన్ని నేను చాలాసార్లు తలుచుకున్నాను. ఆ గది, వాన వెలుగు, ఆమె నోట్లో కొంగు. అక్కడితో ఆపేసి తలుచుకోవడం నాకు చేతకాదు.

మూడు వారాలు ఇంట్లో చప్పుడు లేదు. పొద్దున్నే ఆమె దూడని వీధిలోకి తిప్పి తెచ్చేది. ఎనిమిదింటికి నర్సమ్మ డ్యూటీ దిగి వచ్చేసరికి నాలుగు బూట్లూ తొడిగేసేవాళ్ళం. సాయంత్రం ఆరింటికి ఆమె మళ్ళీ మెట్లు దిగిన అడుగుల చప్పుడు విన్నాకే విప్పేవాళ్ళం. ఆ ఏడు వాన వదిలితే ఒట్టు. వీధి నుంచి వచ్చిన తడి కాళ్ళు గుడ్డతో తుడిచి తొడిగేవాళ్ళం. కుక్క వేళ్ళ సందుల్లో తడి తుడిస్తే పోదు. నాకు మనుషుల పాదాలే తెలుసు.

ఒకరోజు మా ఆవిడ అంది. "అది రోజూ ముందు ఎడమకాలు నాకుతోంది."

"కొత్త జోడు కరవడం మామూలే. నాలుగు రోజులు తొడిగితే అదే దారికొస్తుంది."

ముప్పై ఏళ్ళు ప్రతి కస్టమరుకీ ఇదే మాట చెప్పాను. కొందరు తిరిగొచ్చి పోట్లాడారు. తిరిగి రానివాళ్ళ జోడు దారికొచ్చిందనుకున్నాను. వాళ్ళు వాటిని మూలన పారేసి ఉంటారని ఎప్పుడూ తట్టలేదు.

ఇంకో వారానికి మళ్ళీ అంది. "ఒక్కరోజు విప్పి ఉంచుదాం."

"ఇంకొక్క ఫిర్యాదు వస్తే ఖాళీ. అప్పుడు దాన్నెక్కడ పెడతావు?"

నేను ముడి కాస్త వదులు చేశాను. బూటు విప్పి చూడలేదు. పొద్దునపూట తొడిగేది ఆమె, చీకటి గదిలో, హడావుడిగా. సాయంత్రం విప్పేది నేను, అలిసిపోయి, దాని కాలి వంక చూడకుండా.

తర్వాతి సెలవు రోజున నర్సమ్మ మళ్ళీ వచ్చింది. తలుపు తీసి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. మూడోది, అయిపోయింది అనుకున్నాను. ఆమె చేతిలో పళ్ళ సంచి ఉంది.

"మూడు వారాల నుంచి హాయిగా నిద్రపోతున్నాను బాబాయ్‌గారూ. మీరేం చేశారో గానీ, ఊరికే చెప్పిపోదామని."

"లోపలికి రామ్మా" అని మా ఆవిడ నా చెయ్యి పక్కకి నెట్టింది.

నర్సమ్మ నాలుగడుగులు వేసి ఆగిపోయింది. సంచి ఇంకా చేతిలోనే ఉంది.

"పిన్నిగారూ, ఇంట్లో ఎవరికైనా పుండు ఉందా?"

"లేదే. అది తోలు వాసనమ్మా, ఈయన పని అదే. జిగురూ, తోలూ."

"తోలు వాసన కాదండీ. పదిహేనేళ్ళుగా వార్డులో ఉన్నాను."

చుట్టూ చూసింది. దూడ కిటికీ కింద పడుకుని ఉంది. లేవలేదు, తోక మాత్రం ఆడించింది. ఆమె దాని పక్కన గొంతుక్కూర్చుని, ముందు ఎడమకాలి ముడి విప్పి, బూటు మెల్లగా లాగింది. నేను చూసినదాన్ని ఇక్కడ రాయను. మేకతోలు లోపలి వైపు నల్లబడింది, అంతవరకు చాలు. నా ముక్కుకి అప్పుడు కూడా ఏమీ తెలియలేదు. జిగురుతో నా ముక్కు ఎప్పుడో చచ్చిపోయింది.

మా ఆవిడ నా వంక చూసింది. కోపం లేదు.

"నాకు వారం నుంచీ వస్తోంది. మీ వాసనే అనుకున్నాను."

కూరగాయల తోపుడుబండి ఒకటి అడిగి తెచ్చాం. నేనూ నర్సమ్మా దుప్పటి చెరో వైపు పట్టుకుని దూడని మెట్లు దింపాం. డ్యూటీ చేసి వచ్చిన మనిషి, నిద్ర లేదు, పశువుల ఆసుపత్రి దాకా బండి పక్కన నడిచింది. దారంతా నేను ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. మేలు చేస్తున్న మనిషి మీద మంటపడటం తప్పే. మంట మాత్రం ఉంది.

డాక్టరు రెండు వేళ్ళు తీసేశాడు. తర్వాత బల్ల మీదున్న బూటు అందుకుని, లోపలా బయటా తిప్పి చూశాడు.

"ఎవరు కుట్టారు?"

"నేనే."

"పని బాగుంది" అన్నాడు.

నా పనిని అంత ఘోరంగా మెచ్చుకున్నవాడు ఇంకొకడు లేడు.

రెండు నెలల పాటు కాలికి ఏదీ తొడగకూడదన్నాడు. గాలి తగలాలి, తడి తగలకూడదు. అంటే బండ మీద గోళ్ళు, కింద నర్సమ్మ, మూడో ఫిర్యాదు. ఇది మా ముగ్గురికీ తెలుసు. ఆసుపత్రి గేటు దగ్గర మా ఆవిడ అంది.

"మీరు ఇంటికెళ్ళండి. మేము చెల్లెలి ఇంటికి పోతాం."

"ఎన్నాళ్ళు?"

"దానికి చోటు దొరికేదాకా."

తోడల్లుడు కట్టెల బండి పంపాడు. ఆమె దూడ తల ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చుంది. నన్ను ఎక్కమనలేదు. తిట్టి ఉంటే నేను కూడా తిట్టేవాడిని, బండి అక్కడే ఆగేది. ఆమె తిట్టలేదు.

పదకొండు రోజులు. షాపుకి వెళ్ళేవాడిని, వచ్చేవాడిని. సందు మొదట్లో తల దించుకుని నడవడం అలవాటు చేసుకున్నాను. ఓనరమ్మ అడిగితే ఊరెళ్ళిందని చెప్పాను. మళ్ళీ ఇళ్ళు వెతికాను. మూడు చూశాను. నడుం దాకా అని చెప్పాను, నాకు తెలియకుండానే. మూడు తలుపులూ పడ్డాయి.

పదకొండో రోజు సాయంత్రం గదిలో నిలబడి కింద నర్సమ్మ మంచం జరుపుకునే చప్పుడు విన్నాను. అప్పుడు తట్టింది. ఇంత చిన్న సంగతి. అంత పెద్ద బుర్రలు ముగ్గురివి ఉండి, ఎవరికీ తట్టలేదే అనుకున్నాను.

మెట్లు దిగాను. ఆమె తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాను. అడగడం నాకు రాదు. ఎవరినీ ఏదీ అడక్కుండా బతికానని నాకు పొగరు. మళ్ళీ దిగాను, మళ్ళీ ఎక్కాను. ఆఖరికి ఆమె డ్యూటీకి బయల్దేరే వేళకి తలుపు కొట్టాను.

"ఏం బాబాయ్‌గారూ, ఎలా ఉంది దూడకి?"

"మానుతోంది." మెట్ల వైపు చూస్తూ అన్నాను. "మీరు... మీరు పైకి వచ్చేస్తే, మేము కిందికి దిగుతాం. కింద గోడౌనేగా. అది ఎంత నడిచినా మీకు వినిపించదు. సామానంతా నేనే మోస్తాను. మీరు ఒక్క గిన్నె కూడా ముట్టుకోనక్కర్లేదు."

"ఆ రోజు నేను ఇదే చెబుదామని వచ్చాను బాబాయ్‌గారూ. మీరు తలుపేశారు."

"తర్వాతైనా..."

"తర్వాత చప్పుడు ఆగిపోయిందిగా. ఇంకెందుకులే అనుకున్నాను."

మామూలుగా అంది. వాన తగ్గిందన్నట్టు. ఆ మాట కోపంగా అని ఉంటే నాకు బాగుండేది. ఈ రోజుకీ ఆమె మీద ఆ మంట పోలేదు. నా మీద ఉన్నదాంతో పోలిస్తే అది ఏ మూలకీ రాదు.

"మెట్లు ఎక్కాలి, అంతేగా" అని తాళం వేసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు షాపు మానేసి సామాను మార్చాను. ఓనరమ్మ గోడ మీంచి చూసి, "ఏదో ఒకటి, నా చెవిన పడకపోతే చాలు" అంది. ఆ తర్వాతి రోజు పొద్దున్నే అడితికి వెళ్ళాను.

తోడల్లుడు గేటు దగ్గరే ఎదురయ్యాడు. "రా అన్నయ్యా. కుక్కకి బూట్లు అయ్యాయి, ఇంక మా కోళ్ళకి టోపీలు కుట్టి పెట్టు."

"నీ నోటికి కుడతాను, కొలతివ్వు" అన్నాను. మరదలు లోపలి నుంచి నవ్వింది.

మా ఆవిడ షెడ్డు కింద పలకల దొంతర మీద కూర్చుని ఉంది. దూడ ఆమె కాళ్ళ దగ్గర. నన్ను చూసి లేచింది, మూడు కాళ్ళ మీద నిలబడి, నాలుగోది ఆనించి చూసి, నా దగ్గరికి నడిచి వచ్చింది. దానికి నా మీద ఏమీ లేదు. అదే నాకు కష్టమనిపించింది.

"ఇల్లు దొరికిందా?" అంది ఆమె.

"దొరికింది."

"ఎక్కడ?"

"అక్కడే. కింది అంతస్తు. నర్సమ్మ పైకి మారింది."

"ఆమే చెప్పిందా?"

"నేనడిగాను."

"మీరా?"

"నేనే."

ఆమె లేచి, చీరకి అంటిన చెక్కపొట్టు దులుపుకుని, లోపలికెళ్ళి సంచి తెచ్చుకుంది.

తోడల్లుడి బండి లోడుకి పోయింది. బస్సువాడు దూడని చూసి, "దానికి సీటు కావాలా, నిలబడుతుందా" అని అడిగి, ఎక్కించుకోకుండా పోయాడు. సరే నడుద్దామంది ఆమె. ఆ పూట వాన లేదు. దూడ నడిచినంతసేపు నడిచేవాళ్ళం. అది కూర్చుంటే ఏ షాపు అరుగు మీదో మేమూ కూర్చునేవాళ్ళం. రెండు గంటల దారి, మధ్యాహ్నం దాటింది.

మూడోసారి కూర్చున్నప్పుడు అడిగింది. "ఎలా అడిగారు?"

"తలుపు కొట్టి."

"అలా కాదు. మొదటి నుంచీ చెప్పండి."

చెప్పాను. మెట్లు దిగడం, ఎక్కడం, మళ్ళీ దిగడం. గిన్నె కూడా ముట్టుకోనక్కర్లేదన్నది. ఆమె కింది పెదవి కొరుక్కుంటూ విన్నది. నర్సమ్మ అన్న మాట కూడా దాచలేదు. దానికి నన్ను ఒక మాట అంటుందనుకున్నాను. అనలేదు.

"మళ్ళీ మళ్ళీ వెనక్కి వెళ్ళిపోయారు. ఆఖరిసారి ఏమనుకుని దిగారు?"

"ఏమీ అనుకోలేదు. పైన ఏ చప్పుడూ లేదు. అందుకని దిగాను."

రోడ్డు మీద బళ్ళు పోతున్నాయి. షాపువాడు బయటికొచ్చి, "ఇంకా ఎంతసేపమ్మా" అన్నాడు.

"అది లేచేదాకా" అంది ఆమె, నా పక్కకి ఇంకాస్త జరిగి.